గిలక ఎప్పుడివ్వాలి, చిరుతలు ఎప్పుడివ్వాలి?

పోయిన సంచికలో పసిపిల్లలకు బ్యాటరీ బొమ్మల బదులు చెక్క గిలకలు (ఊపితే మోగేవి), చిరుతలు (ఒకదానికొకటి కొట్టి వాయించే చెక్క తాళాలు) ఇవ్వండని రాశాను కదా, దానికి వరంగల్ నుంచి మంచిర్యాల దాకా చాలామంది ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు పంపారు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. ఎక్కువమందికి పనికొచ్చేవి, అసలు వాయిదా వేయకూడనివి తీసుకున్నాను. ఇదంతా ముఖ్యంగా మూడేళ్ళలోపు పిల్లల సంగతి.

ప్రశ్న: మేడమ్, మా పాపకు ఐదో నెల నడుస్తోంది. ఆన్‌లైన్‌లో ఎనిమిది చెక్క వాయిద్యాల సెట్ చూశాను. జైలోఫోన్ (పుల్లతో కొట్టే పట్టీల వాయిద్యం), చిన్న డోలు, మరాకాస్ (గింజలు పోసిన గిలకలు) అన్నీ ఉన్నాయి. మా వారేమో ఇప్పుడే ఎందుకు అంటున్నారు. కొనమంటారా, ఆగమంటారా?
— ఓ తల్లి, హనుమకొండ

జవాబు: సెట్ మాత్రం ఇప్పుడు వద్దమ్మా. ఒక్క మంచి గిలక కొనండి, చాలు.

వినడానికి మీ పాప ఎప్పుడో సిద్ధం. కడుపులో ఆరో నెల దాటాక బిడ్డ బయటి చప్పుళ్ళకు కదులుతుంది, మీ గొంతు తనకు అప్పటి నుంచే తెలుసు. వెనకబడి వచ్చేది చెయ్యి. మూడో నెలలో గిలక చేతిలో పెడితే పట్టుకుంటుంది కానీ పట్టుకున్నట్టు తనకే తెలియదు, ఒక్కోసారి మొహానికి కొట్టుకుని ఏడుస్తుంది. నాలుగు, ఐదు నెలల్లో ఏది దొరికినా నోట్లోకే. ఆరో నెల అటూ ఇటూ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకోవడం వస్తుంది, అప్పుడు అదే గిలక కుడిచేతిలో ఒకలా, ఎడమచేతిలో ఇంకోలా మోగుతుందని కనిపెడుతుంది. ఏడు నుంచి తొమ్మిది నెలల్లో రెండు వస్తువులు ఒకదానికొకటి కొట్టడం మొదలవుతుంది, చిన్న చెక్క ముక్కలు రెండు ఇవ్వాల్సింది అప్పుడు. పుల్ల పట్టుకుని గురి చూసి కొట్టడం ఏడాదిన్నర దగ్గర వస్తుంది. అంటే మీరు చూసిన సెట్‌లో సగం వస్తువులు ఇంకో ఏడాది దాకా పాపకు నమలడానికి తప్ప ఎందుకూ పనికిరావు, అందులోని సన్న పుల్లలు నమలడానికి కూడా ప్రమాదమే.

గిలక కొన్నాక దాంతో ఏం చేయాలన్నది ఎక్కువమంది అడగరు, అసలు విషయం అక్కడే ఉంది. పాప నిద్రలేచి, పాలు తాగి, హుషారుగా ఉన్న వేళ చూసుకోండి (నూనె పెట్టి నీళ్ళు పోశాక వద్దు, అప్పుడు తనకు కావాల్సింది నిద్ర). ఎదురుగా కూర్చుని గిలక రెండుసార్లు ఊపండి, ఆపండి. ఆపి ఊరుకోండి. పెద్దవాళ్ళకు ఈ ఊరుకోవడమే రాదు, మనం గిలక ఊపుతూనే ఉంటాం, పాప ఏడుపు మానేదాకా ఊపుతూనే ఉంటాం. మీరు ఆపితే పాప మొదట చూస్తుంది, తర్వాత కాళ్ళు కొడుతుంది, ఊ అంటుంది, ఒక్కోసారి చాలాసేపటికి అంటుంది. అది తన వంతు. అప్పుడు మీరు మళ్ళీ రెండుసార్లు ఊపండి. గిలక తన చేతికి వచ్చాక తిరగేయండి, తను ఎన్నిసార్లు ఊపితే మీరు అన్నిసార్లు చప్పట్లు కొట్టండి. తను చేసిన చప్పుడుకు జవాబు వస్తోందని తెలిసిన పిల్ల మళ్ళీ చేస్తుంది. రోజుకు ఐదు నిమిషాలు చాలు. మొహం పక్కకు తిప్పుకుందంటే ఇంక చాలన్నట్టే, ఆపేయండి.

ప్రశ్న: నమస్తే అమ్మా. నేను నలభై ఏళ్ళు వడ్ల పని (వడ్రంగం) చేసిన. ఇప్పుడు పెద్ద పనులు చేతకాదు. మనుమడికి ఎనిమిది నెలలు, నా చేతితోనే గిలక, చిరుతలు చేసి పెడదామని ఉన్నది. ఏ కర్ర మంచిది? రంగు వెయ్యొచ్చా? కొలతలు చెప్పగలరా?
— ఓ తాత, పరకాల

జవాబు: బాపూ, మీ ఉత్తరం చూసి చాలా సంతోషమైంది. మీ పని మీకు నేను నేర్పలేను, పసిపిల్లల నోరు, చెయ్యి గురించి మాత్రం చెప్తాను.

కర్ర విషయంలో రెండు రకాలుగా ఆలోచించండి. నోట్లో పెట్టుకునేదానికి వేప, మామిడి లాంటి మామూలు కర్ర బాగా ఆరింది చాలు. టేకు, జిట్రేగి (రోజ్‌వుడ్) మోతకు చాలా బాగుంటాయి, కానీ వాటి పొట్టు తగిలితే కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయని మీకు తెలిసే ఉంటుంది, కాబట్టి అవి పిల్లాడు కొట్టేదానికే గాని చీకేదానికి వద్దు. పొనికి తేలికే, కానీ మరీ మెత్తన, పళ్ళు వస్తున్న పిల్లాడు కొరికితే పీచు లేస్తుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ ముక్కలు మిగిలాయి కదా అని అసలే వాడొద్దు, అందులో ఉండేది జిగురే. పచ్చి కర్ర కూడా వద్దు, మన ఎండాకాలానికి పగులుతుంది, ఆ పగులులో వేలు ఇరుక్కుంటుంది.

గిలక పిడి మీ చిటికెన వేలంత లావు ఉంటే పిల్లాడి గుప్పిట్లో సరిపోతుంది. రెండు చివర్లు మాత్రం లావుగా ఉండాలి, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా చూడండి, చివర సన్నగా ఉంటే గొంతులోకి దిగబడుతుంది. విడిపోయే ముక్క ఏదీ ఉండకూడదు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి ప్రమాణాల్లో ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా పిల్లాడికి ప్రమాదం అని లెక్క. ఇంట్లో ఆ గొట్టం అక్కర్లేదు, ఆ వెడల్పు గుర్తుంటే చాలు. దారం కడితే జానెడు మించొద్దు, మెడకు చుట్టుకుంటుంది.

మోత కోసం లోపల గింజలు పోసేకంటే పిడికి కదిలే రింగులు రెండు వేస్తే మంచిది, ఒకే కర్రలో చెక్కిన రింగులైతే ఊడే భయమే లేదు. మీరు చేయగలరు. గింజలే పోయాలనుకుంటే ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను, గురివింద గింజలు, ఆముదం గింజలు పోయకండి. జాతరల్లో ఎర్రగా మెరిసే గురివిందలు పోసిన బుర్రలు నేను చూశాను. గురివింద నమిలి మింగితే విషం, ఆముదం గింజ కూడా అంతే. గిలక పగిలిందంటే ఆ గింజ నేరుగా నోట్లోకి పోతుంది.

చిరుతలు మీరు చూసి పెరిగినవే, చిరుతల రామాయణంలో పెద్దలు పట్టుకునేవి. పిల్లాడికి మాత్రం ఇత్తడి బిళ్ళలు, గజ్జెలు తీసేసి ఉత్త చెక్కవే చేయండి. బిళ్ళ ఊడితే గొంతులో పడుతుంది, అదీగాక చెక్క మీద చెక్క పడితే వచ్చే చప్పుడు పసి చెవికి నొప్పి పెట్టదు. అరచేయంత పొడవు, అంచులన్నీ గుండ్రం. ఒక చేత్తో రెండు ఆడించడం పిల్లలకు నాలుగైదేళ్ళ దాకా రాదు, కాబట్టి ఒక్కో చేతికి ఒక్కోటి ఇచ్చి కొట్టుకోనివ్వండి.

రంగు వద్దు బాపూ. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2017 నవంబర్ నుంచి మన దేశంలో చట్టం ఉంది, కానీ షెడ్డులో మూలన పడి ఉన్న పాత డబ్బాలో ఎంత ఉందో ఎవరికి తెలుసు. సన్న సాండ్ పేపర్‌తో నున్నగా చేసి, తడిగుడ్డతో తుడిస్తే పీచు లేస్తుంది, ఆరాక మళ్ళీ ఒకసారి రుద్దండి. తర్వాత కొబ్బరినూనె పలచగా రాసి, గంట ఆగి తుడిచేయండి. నువ్వుల నూనె జిగటగా మిగులుతుంది. అవిసె నూనె రాయాలంటే తినేది తీసుకోండి, హార్డ్‌వేర్ షాపులో ‘బాయిల్డ్’ అని అమ్మేదాంట్లో తొందరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, అది పిల్లల వస్తువుకు పనికిరాదు.

పిల్లాడికి ఏడాది దాటాక పుల్లతో కొడితే మోగే చెక్క పట్టీలు రెండు చేసి పెట్టండి, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. పట్టీని ఎక్కడ ఆనిస్తే బాగా మోగుతుందంటే, రెండు చివర్ల నుంచి సుమారు 22 శాతం దూరంలో. 18 సెంటీమీటర్ల పట్టీ అయితే అటు 4, ఇటు 4 సెంటీమీటర్ల దగ్గర కింద దారం గానీ మెత్తటి బట్ట గానీ పెట్టండి. నమ్మకం కుదరకపోతే పట్టీని స్పాంజి ముక్కల మీద పెట్టి పైన సన్నటి ఉప్పు చల్లి మధ్యలో తట్టుతూ ఉండండి, ఉప్పు ఎగిరి ఎగిరి రెండు అడ్డగీతలుగా చేరుతుంది, ఆ గీతలే చోటు. వేరే చోట ఆనిస్తే దబ్ మంటుంది, అక్కడ ఆనిస్తే టంగ్ మంటుంది. శ్రుతి పెంచాలంటే చివర కొద్దిగా కోయండి, తగ్గించాలంటే పట్టీ అడుగున మధ్యలో రంద (చిత్రిక) పట్టండి. ఎక్కువ తీస్తే వెనక్కి రాదు, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, మా బాబుకు ఇరవై నెలలు. చెక్క డోలు, గిలకలు, జైలోఫోన్ అన్నీ కొన్నాం. వాయించమంటే విసిరేస్తాడు, లేకపోతే టీవీ స్టాండ్ మీద కొడతాడు. పక్క క్వార్టర్‌లో బాబు ఇదే వయసు, పాట పెడితే తాళం వేస్తున్నట్టు వీడియోలు పెడుతుంటారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. వీడికి సంగీతం మీద ఇష్టం లేదా?
— ఓ తల్లి, సింగరేణి క్వార్టర్స్, మంచిర్యాల జిల్లా

జవాబు: ఆ వీడియో సంగతి ముందు తేల్చేద్దాం. 2010లో జెంట్నర్, ఈరోలా అనే ఇద్దరు పరిశోధకులు ఐదు నెలల నుంచి రెండేళ్ళ వయసు పిల్లలకు పాటలు, లయ, మాటలు వినిపించి వాళ్ళ ఒంటి కదలికలు కొలిచారు. పిల్లలు మాటలకంటే సంగీతానికి, లయకు ఎక్కువగా ఊగారు, కానీ తాళానికి సరిగ్గా కలవలేదు. లయకు దగ్గరగా కదిలిన పిల్లలు ఎక్కువ నవ్వారు కూడా. అంటే ఊగాలన్న కోరిక ముందు వస్తుంది, తాళంలో పడటం చాలా తర్వాత, నాలుగేళ్ళ దగ్గర గాని నిలవదు. పక్క బాబు వీడియోలో ఆ పది సెకన్లు కలిసి ఉండొచ్చు, మిగతా రోజంతా వాడూ మీ వాడిలాగే ఉంటాడు.

ఇంక విసరడం. ఇరవై నెలల పిల్లాడికి వస్తువు వదిలితే ఏమవుతుందో చూడటం పెద్ద పని. గిలక నేల మీద పడితే ఒక చప్పుడు, పరుపు మీద పడితే ఇంకో చప్పుడు, అమ్మ మీద పడితే అమ్మ అరుపు! వాడు వింటున్నాడు. టీవీ స్టాండ్ మీద కొట్టడం కూడా అంతే, కొట్టి ఆగి వింటున్నాడేమో ఒకసారి గమనించండి. ఆగుతున్నాడంటే వాడు పోల్చుకుంటున్నాడు. వస్తువులు అన్నీ ఒకేసారి బయట పెట్టొద్దు, ఒక్కటి ఉంచి మిగతావి బీరువా మీద పెట్టండి, వారం పది రోజులకు మార్చండి. విసిరితే తిట్టకుండా ఆ వస్తువు తీసి పక్కన పెట్టి, బుట్ట ఒకటి తెచ్చి అందులో బట్ట ఉండలు వేయమనండి, విసరాలన్న ఆశ అక్కడ తీరుతుంది. స్టాండ్ మీద కొడితే చెయ్యి పట్టుకుని “ఇక్కడ కొడదాం” అని చెక్కపెట్టె మీదికో, బోర్లించిన బుట్ట మీదికో తీసుకెళ్ళండి. వాడు దడదడ కొడితే మీరూ దడదడ కొట్టండి. వాడు ఆగితే మీరూ ఆగండి. రెండు మూడు రోజుల్లో కావాలనే ఆగి మీ మొహం చూస్తాడు, మీరు ఆగారా లేదా అని. ఆ ఆట పట్టుబడ్డాక మెల్లగా కొట్టడం, గట్టిగా కొట్టడం వాటంతట అవే వస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. పుల్ల చేతిలో ఉంటే కూర్చునే ఉండాలి. పుల్ల నోట్లో పెట్టుకుని పరిగెత్తి బోర్లా పడితే అంగిట్లో దిగుతుంది. లేచి నిలబడితే పుల్ల మీ చేతికి వచ్చేయాలి, ప్రతిసారీ, ఏడ్చినా సరే.

ప్రశ్న: మేడమ్, మొజార్ట్ సంగీతం వింటే పిల్లల బుర్ర చురుగ్గా తయారవుతుందని యూట్యూబ్‌లో చూసి మా ఎనిమిది నెలల పాప దగ్గర రోజూ రెండు గంటలు ఫోన్‌లో పెడుతున్నాం. చెక్క గిలకలతో అంత లాభం ఉంటుందా?
— ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: ఆ మాట పుట్టింది 1993లో, అమెరికాలో. ఆ పరీక్ష చేసింది 36 మంది కాలేజీ విద్యార్థుల మీద, పసిపిల్లల మీద కాదు. మొజార్ట్ విన్న వెంటనే కాగితం మడతలు ఊహించడం లాంటి లెక్కల్లో కొంచెం బాగా చేశారు, ఆ తేడా పది పదిహేను నిమిషాలే ఉంది. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇస్తామనడంతో అది ఇంకా పాకింది. పసివాళ్ళకు తెలివి పెరుగుతుందన్నది అందులో ఎక్కడా లేదు.

2016లో సియాటిల్‌లో తొమ్మిది నెలల పిల్లల మీద వేరే రకం పని జరిగింది. నెల రోజుల్లో 12 సార్లు, 15 నిమిషాల చొప్పున, అమ్మానాన్నలు పిల్లల్ని పట్టుకుని మూడు దెబ్బల లయకు ఊపుతూ తట్టిస్తూ ఆడించారు. ఇంకో గుంపు పిల్లలు సంగీతం లేకుండా బొమ్మలతో ఆడుకున్నారు. తర్వాత చూస్తే లయ మధ్యలో తప్పినప్పుడు సంగీతం గుంపు పిల్లల మెదడు ఎక్కువగా స్పందించింది, మాటల్లోని లయ తప్పినప్పుడు కూడా. దీన్ని బట్టి తెలివి పెరిగిందని నేను అనను. కానీ అక్కడ పని చేసింది మనిషి ఒడి, చెయ్యి, ఊపు. ఫోన్ ఆ పని చేయదు. బొమ్మ తెర మీద నడుస్తుంటే ఇంకా వద్దు, ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. రెండు గంటల ఫోన్ ఆపేసి మీ ఇంట్లో బాపమ్మ ఉంటే ఆమెనే పాడమనండి, మీరు పాపను కాళ్ళ మీద ఊపండి.

ప్రశ్న: మా పాపకు తొమ్మిది నెలలు. గిలక ఎదురుగా ఊపితే చూస్తుంది, నవ్వుతుంది. వెనక నుంచి ఊపితే తిరగదు, పేరు పిలిచినా తిరగదు. మా అత్తమ్మ కొందరు పిల్లలు ఆలస్యం అంటారు. ఇంకో వాయిద్యం ఏదైనా ఇచ్చి చూడమంటారా?
— ఓ తల్లి, నర్సంపేట

జవాబు: వాయిద్యం మార్చడం కాదమ్మా, ఈ వారమే చెవి పరీక్ష చేయించండి. మీ అత్తమ్మ ధైర్యం చెప్పడానికే అన్నారు, నాకు తెలుసు, అయినా ఆగొద్దు.

ఎదురుగా ఊపినప్పుడు పాప చూసింది మీ చేతిని, అందుకే ఆ పరీక్షను నమ్మలేం. మీరు వెనక నుంచి ఊపి చూడటం మంచి పని చేశారు. ఆరేడు నెలలకల్లా పిల్లలు చప్పుడు వచ్చిన వైపు తిరగాలి, తొమ్మిది నెలలకు పేరుకు పలకాలి. జలుబు చేసి చెవిలో నీరు చేరినా సరిగ్గా వినబడదు, అలాగైతే చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది. పుట్టుకతో వినికిడి తక్కువ ఉంటే మాత్రం ప్రతి నెలా విలువైనదే. పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలలకల్లా ఏమిటో తేల్చడం, ఆరు నెలలకల్లా వైద్యం మొదలుపెట్టడం అన్నది డాక్టర్లు పెట్టుకున్న లెక్క. మీ పాపకు తొమ్మిది నెలలంటే ఆ గడువు దాటింది, అలా అని కంగారు పడొద్దు, చెవి మిషన్ ఇప్పుడు పెట్టినా మాట నేర్చుకునే వయసు ఇంకా ముందుంది.

ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఓఏఈ, బెరా పరీక్షలు అడగండి. మొదటిది చెవిలో చిన్న గొట్టం లాంటిది పెట్టి చూసేది, రెండోది పాప నిద్రపోతుండగా తల మీద తీగలు అంటించి చూసేది. రెండూ నొప్పి లేనివి. డబ్బుకు ఇబ్బంది అయితే 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే వినికిడి లోపం కూడా ఉంది, మీ ఆశా కార్యకర్తను గానీ అంగన్‌వాడీ టీచర్‌ను గానీ అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. ఈలోపు పాపతో పాట మానకండి. తన చెయ్యి మీ గొంతు మీద పెట్టి పాడండి, చెక్క పెట్టె మీద తనను కూర్చోబెట్టి పక్కన తట్టండి, ఆ అదురు ఒంటికి తెలుస్తుంది. పరీక్ష అయ్యాక తప్పకుండా మళ్ళీ రాయండి.

ప్రశ్న: మా చెల్లెలి కొడుకు మొదటి పుట్టినరోజు. నిర్మల్ కొయ్య బొమ్మ ఇద్దామా, ఏటికొప్పాక గిలక ఇద్దామా?
— నిర్మల్ నుంచి ఓ పెద్దమ్మ

జవాబు: నిర్మల్ బొమ్మ మన దగ్గరి గొప్ప పని, పొనికి కర్రతో చేసి రంగులు వేసి తీర్చిదిద్దేది. కానీ అది చూసుకోవడానికి, నోట్లో పెట్టుకోవడానికి కాదు. షోకేసులో పెట్టుకోమని ఇవ్వండి, పిల్లాడు ఆడుకోవడానికి గిలక ఇవ్వండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఆ వేడికే లక్క కరిగి పట్టేలా రంగు అద్దుతారు, చెట్ల నుంచి తీసిన రంగులు. అసలైనదా కాదా చూసి తీసుకోండి. 2021 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు గాని నమోదైన చేతివృత్తుల వాళ్ళకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. అందుకని చేతిపని బొమ్మ మీద ఆ గుర్తు లేదని భయపడక్కర్లేదు, ఫ్యాక్టరీ బొమ్మ మీద లేకపోతే మాత్రం కొనకండి.

ప్రశ్న: వచ్చే నెల మా మరిది పెళ్ళి. బరాత్‌లో డీజే ఉంటుంది. ఏడు నెలల బాబును ఎత్తుకుని వెళ్ళొచ్చా? చిన్నప్పటి నుంచి అలవాటైతే మంచిదే కదా అంటున్నారు ఇంట్లో.
— ఓ తల్లి, జమ్మికుంట

జవాబు: వద్దు. చెవికి పెద్ద చప్పుడు అలవాటు కాదు, దెబ్బ తింటుంది. ఫ్యాక్టరీల్లో పెద్దవాళ్ళకే ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ దాటితే జాగ్రత్త పడాలంటారు, డీజే పక్కన అది 100 దాటుతుంది, బాబు చెవి రంధ్రం చిన్నది కాబట్టి వాడికి ఇంకా గట్టిగా తగులుతుంది. దూదితో ఆగదు. పెళ్ళి మండపంలో డోలు సన్నాయి దూరంగా కూర్చుని వినిపించండి, బరాత్ వేళకు వాడిని ఇంట్లో ఉంచండి. ఎవరో ఒకరు మీకు తోడు ఉంటారు.

ప్రశ్న: మేడమ్, మాది ఏటూరునాగారం వైపు అంగన్‌వాడీ. రెండున్నరేళ్ళ పిల్లలు కూడా వస్తారు. వాయిద్యాలు కొనే డబ్బుల్లేవు. ఉన్న రెండు గిలకల కోసం కొట్టుకుంటారు. అందరూ ఒకేసారి కొడితే నాకు తలనొప్పి. ఏం చేయాలి?
— ఓ అంగన్‌వాడీ టీచర్

జవాబు: మీ పని కష్టం, అందుకే పనిచేసే ఉపాయాలే చెప్తాను.

ముందు అందరికీ ఒకే రకం వస్తువు. రకరకాలు పెడితే కొట్లాట ఖాయం. ఊళ్ళో కోలాటం ఆడేవాళ్ళుంటే పాత కోలలు అడగండి, ఒక్కో కోలను జానెడు ముక్కలుగా కోయించి అంచులు రుద్దిస్తే ఒక్కో పిల్లకు జత వస్తుంది. ఊళ్ళో వడ్లాయన ఎవరైనా పిల్లల కోసమంటే కాదనరు. వెదురు ముక్కలు సులువుగా దొరుకుతాయి గాని చీలిక లేస్తే చేతిలో గుచ్చుకుంటుంది, అంచులకు బాగా రుద్దించాలి.

తర్వాత, మొదలుపెట్టడం కంటే ఆపడం ముందు నేర్పండి. పుల్లలు ఇవ్వకముందే రెండు రోజులు ఉత్త చేతులతో ఆడించండి. మీరు చేతులు పైకెత్తితే అందరి చేతులు పైకి, చప్పుడు బంద్. పిల్లలకు ఇది బలే ఇష్టం, ఆపడమే ఆటగా తీసుకుంటారు. అది వచ్చాకే పుల్లలు. సగం మంది కొట్టాలి, సగం మంది చప్పట్లు, తర్వాత మారాలి. పాట కోసం ఎక్కడికీ పోవద్దు, బతుకమ్మ చుట్టూ వేసే చప్పట్ల లయ ఆ పిల్లల ఒంట్లో ఉంది, అమ్మ చంకన ఉండి విన్నారు కదా. మీ దగ్గర కోయ ఇళ్ళ పిల్లలుంటే ఇళ్ళల్లో డోలి వాయించే పెద్దలు ఉంటారు, మేడారం జాతరలో వాళ్ళను మీరు చూసే ఉంటారు. ఒక్క రోజు ఒకరిని పిలవండి. గది లోపల వద్దు, చెట్టు కింద దూరంగా వాయించమనండి, అయ్యాక పిల్లలు ఒక్కొక్కరూ వెళ్ళి డోలి మీద అరచెయ్యి ఆనించి అదురు చూడనివ్వండి. తమ ఇంటి డోలి సెంటర్‌కు వచ్చిందని ఆ పిల్లల మొహాలు ఎలా వెలుగుతాయో మీరే చూస్తారు.

పుల్లలు రోజూ తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. నీళ్ళలో నానబెట్టొద్దు, ఉడకబెట్టొద్దు. వానాకాలంలో డబ్బాలో మూసి పెడితే బూజు పడుతుంది, బుట్టలో ఉంచండి. మీ తలనొప్పికి పది నిమిషాలే మందు. పది నిమిషాలు దాటితే ఆ వయసు పిల్లలు కూడా వాయించరు, ఉత్తినే కొడతారు.

ప్రశ్న: మా పాపకు రెండేళ్ళు దాటాయి. ఎనిమిది పట్టీల జైలోఫోన్ ఉంది. ఏది కొట్టినా గందరగోళంగా ఉంటుంది, నాకు సంగీతం రాదు. ఏం చేయను?
— ఓ తల్లి, కాజీపేట

జవాబు: పట్టీలు ఊడదీసే వీలుంటే సగం పని అయిపోయినట్టే. వాటి మీద అక్షరాలు ఉంటాయి చూడండి, ఎఫ్, బి అని ఉన్న రెండు పట్టీలు తీసి దాచండి. సి నుంచి మొదలుపెడితే మిగిలేవి స రి గ ప ద, పైన ఇంకో స. ఇది మోహన రాగం స్వరాలు. ఇందులో ఏది తర్వాత ఏది కొట్టినా చెవికి ఇబ్బంది ఉండదు, పాప ఇష్టం వచ్చినట్టు కొట్టినా పాటలాగే ఉంటుంది. జర్మనీలో కార్ల్ ఆర్ఫ్, గునిల్డ్ కీట్‌మన్ పిల్లల కోసం చేయించిన జైలోఫోన్లలో పట్టీలు ఊడదీసేలా పెట్టింది ఇందుకే. మీ దాంట్లో పట్టీలు మేకులతో బిగించి ఉంటే ఆ రెండింటి మీద బట్ట చుట్టండి, మోగవు. పట్టీలు చెక్కవా ఇనుపవా అన్నది కూడా చూడండి, షాపుల్లో చెక్క చట్రానికి ఇనుప పట్టీలు బిగించి చెక్క జైలోఫోన్ అని అమ్ముతారు, అవి కీచుమంటాయి. అలాంటిదైతే పుల్ల చివర బట్ట చుట్టి ఇవ్వండి. మొదట రెండు పట్టీలే ఉంచి, పాప ఒకటి కొడితే మీరు రెండోది కొట్టండి. మీకు సంగీతం రాకపోయినా పర్వాలేదు, పాపకు కావాల్సింది ఆ రెండో పట్టీ కొట్టే మనిషే.